మనిషి కాదు, సామాను

గోదావరిఖని చౌరస్తా దాటాక, మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే దుకాణం మీద రెండు గదుల్లో ఉంటుంది రమ డిటెక్టివ్ ఆఫీసు. ఆ మంగళవారం పొద్దున సుజిత తాళం తీసి చీపురు పట్టుకుందో లేదో, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో కొంత ఎక్కి ఆగారు. మళ్లీ ఎక్కి మళ్లీ ఆగారు. అలా ఆగి ఆగి వచ్చేవాళ్లు భయంతోనే వస్తారని రమ దగ్గర చేరాక సుజితకు తెలిసివచ్చింది.

వచ్చింది దీప. రఘుపతి సార్ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో సుజిత తరువాతి బ్యాచ్ అమ్మాయి. నూనె లేని జుట్టు, నిద్ర లేని కళ్లు.

"సుజితక్కా, జెర నీళ్లియ్యి" అని కుర్చీలో కూలబడింది. "మా నాయినను కొట్టిండ్రు. ఆయన దవాఖానల ఉంటే పోలీసులు నన్ను ఠాణాకు రమ్మంటున్నరు. నాయినా నేనూ కల్సి దొంగతనం చేయించినమట."

లోపలి గదిలోంచి రమ వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, బక్కపలచన. కరీంనగర్‌లో పోలీసుల వేలిముద్రల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, పైఅధికారి చెప్పిన అబద్ధం మీద సంతకం పెట్టనని ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఆమె చూపు ఒకసారి దేనిమీద పడితే అది ఇక మరుగున పడదని సుజిత నమ్మకం. ఈ ఊళ్లో తను గురువులుగా తలిచేది ఇద్దరినే: బతుకుతెరువు నేర్పిన రఘుపతి సార్, చూడడం నేర్పిన రమక్క.

"ఏడ్వకుండ మొదటి నుంచి చెప్పు. నువ్వేం పని చేస్తవు?" అడిగింది రమ.

"ఫోటోలు చూసి గీతలు గీస్త అక్కా. కంప్యూటర్‌కు మనిషంటే ఏందో, లారీ అంటే ఏందో తెల్వది. మనమే నేర్పాలె. ఫోటోల మనిషి కనవడితే చుట్టూ డబ్బా గీసి 'మనిషి' అని రాయాలె. కుక్కయితే కుక్క. గట్ల వేలకు వేలు చూపెడితే దానంతట అదే గుర్తువడుతది."

"చిన్నపిల్లకు బొమ్మ చూపెట్టి చెప్పినట్టు."

"గంతే అక్కా."

"కుక్కను చూపెట్టి ఆవంటే?"

దీప తల వంచుకుంది. "ఆవనే నమ్ముతది. దానికేం ఎరుక?"

మిగతాది ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. కమాన్‌పూర్ దారిలో, ఓపెన్‌కాస్టు బొగ్గుగనుల్లో మట్టి ఎత్తే పని చేసే ఒక ప్రైవేటు కాంట్రాక్టరుకు పెద్ద సామాను యార్డు ఉంది. దీప తండ్రి యిర్మియా గనిలో పని చేసి రిటైరయ్యాక అక్కడ వాచ్‌మన్‌గా చేరాడు. యార్డులో కెమెరాలు ఉన్నాయి. పని లేని వేళ వాచ్‌మన్ తప్ప వేరే మనిషి కనబడితే కంప్యూటర్ గుర్తుపట్టి సైరన్ మోగిస్తుంది. ఆ కంప్యూటర్‌ను అమర్చింది హైదరాబాద్ కంపెనీ. దానికి ఫోటోలతో నేర్పింది రఘుపతి సెంటర్ అమ్మాయిలు. ఆదివారం సాయంత్రం నలుగురు వచ్చి రాగి కేబుల్ చుట్టలు ఎత్తుకుపోయారు. యిర్మియా తల పగలగొట్టారు. సైరన్ మోగలేదు. తెల్లారి డ్యూటీకి వచ్చిన నర్సింగం చూసేదాకా ఆయన అక్కడే పడివున్నాడు.

"దొంగలు నెత్తిన యూరియా బస్తాలు, వానకు కప్పుకునే కొప్పెరల లెక్క పెట్టుకొని వచ్చిండ్రు. బస్తా కప్పుకున్న మనిషిని 'సామాను' అని నా లాగిన్ నుంచి నేర్పిండ్రని అంటున్నరు."

"నేర్పినవా?"

దీప నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "నేర్పిన. పోయిన వానకాలంల ఒక కట్ట ఫోటోలు వచ్చినయి. అన్నిట్ల బస్తా కప్పుకున్నోళ్లే. నేను ముందుగాల 'మనిషి' అనే రాసిన. తప్పని వాపసొచ్చినయి. సార్‌నడిగితే, హైదరాబాదోళ్లు గట్లనే కావాలంటున్నరు తల్లీ, బస్తాలు కప్పిన కుప్పలు గుర్తువట్టాలెనట, అన్నడు. ఇప్పుడు హైదరాబాదోళ్లేమో ఆ ఫోటోలు మేం పంపనే లేదంటున్నరు. సార్ నా దిక్కే నిలవడ్డడు. 'నా పిల్ల అబద్ధమాడదు, ఫోటోలు హైదరాబాద్ నుంచే వచ్చినయి' అని అందరి ముంగట చెప్పిండు."

సుజితకు ఆ మాట విని ధైర్యం వచ్చింది. సార్ అలాంటి మనిషే.

రమ మాత్రం వేరే సంగతి అడిగింది. "దొంగతనం ఆదివారం. ఇయ్యాల మంగళవారం. నీ లాగిన్ సంగతి పోలీసులకు ఇంత జల్ది ఎట్ల తెలిసింది?"

దీప తల అడ్డంగా ఊపితే, రమ చెప్పులు వేసుకుంటూ "ముందు దవాఖానకు పోదాం" అంది.

*

దవాఖానలో యిర్మియా తలకు కట్టుతో పడుకొని ఉన్నాడు. పక్కన భార్య రాములమ్మ ఆయన అరిచేతిని తన కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"ఒక్కటే అడుగుత కాకా" అంది రమ. "వాళ్లను చూసినంక ఫోన్ ఎందుకు చెయ్యలే? గేటు పక్కన గదిలకు ఎందుకు ఉరకలే?"

ఆయన మాట మెల్లగా వచ్చింది. "సైరన్ మోగలే గద బిడ్డా. బయటోళ్లొస్తె మోగుతది. మనోళ్లు వస్తున్నరంటె ఆఫీసోళ్లు దాన్ని బందు వెడుతరు. మోగలేదంటె మనోళ్లే, సామాను దించనీకి వచ్చిండ్రనుకున్న. నా బిడ్డ నేర్పిన మిషను, అదెందుకు తప్పుతది? ఎవరు నాయినా, చాయ్ తాగిండ్రా అనుకుంట దగ్గరికి పోయిన."

దీప గోడవైపు తిరిగింది. రమ ఆయన కాలి మీద దుప్పటి సరిచేసి బయటికి వచ్చింది.

*

యార్డు ఇన్‌చార్జి వీరేందర్ ఎర్రటి మొహంతో ఎదురొచ్చాడు. "చూడనీకి ఏముంది మేడం? బిడ్డ కంప్యూటర్‌ను ఖరాబు చేసింది, తండ్రి గేటు తీసిండు. సొమ్ము పంచుకునేకాడ దెబ్బలు తగిలినయేమో."

"కేబుల్ వచ్చిందని ఎవరెవరికి తెలుసు?"

"శుక్రారం పట్టపగలు ట్రెయిలర్ మీద వచ్చింది. ఊరంత చూసింది."

నర్సింగం చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆదివారం నిజానికి అతని డ్యూటీ. "మందమర్రిల మా చెల్లె బిడ్డ లగ్గం మేడం. యిర్మియన్నను నేనే బతిమాలిన. చర్చి నుంచి సీదా వచ్చిండు. ఆ దెబ్బ నాకు తగిలేది."

రమ వీడియో పెట్టించింది. ఇంకా వెలుతురు ఉన్న సాయంత్రం. కంప్యూటర్ తను గుర్తుపట్టిన ప్రతిదాని చుట్టూ పచ్చ డబ్బా గీసి పక్కన మాట రాస్తోంది. నారింజ జాకెట్‌తో తిరుగుతున్న యిర్మియా మీద 'వాచ్‌మన్' అని ఉంది. వెనక ప్రహరీ దూకి నలుగురు వచ్చారు. యూరియా బస్తా ఒక మూలను లోపలికి మడిచి, టోపీలా నెత్తిన పెట్టుకొని వీపు మీదికి వదులుకున్నారు. వాళ్లు నడుస్తుంటే డబ్బాలు కూడా వాళ్లతో నడిచాయి. ప్రతి డబ్బా మీదా 'సామాను' అని రాసి ఉంది. నడిచే సామాను.

యిర్మియా చేయి ఊపుకుంటూ వాళ్ల దగ్గరికి పోయాడు. సుజిత కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన నేలమీద ఉన్నాడు. డబ్బా మీద 'పడిన మనిషి' అన్న మాట ఒక్క క్షణం వెలిగింది. సైరన్ మోగేలోపే, ముంజేతి మీద కాలిన మచ్చ ఉన్నవాడొకడు సంకలోంచి మరో బస్తా తీసి ఆయన మీద పరిచాడు. మాట మారిపోయింది. సామాను.

"మొఖాలు దాచుకోనీకి బస్తాలు కప్పుకున్నరు" అన్నాడు వీరేందర్.

"మొఖాలు దాచుకోవాలంటే తువ్వాల చాలు. ఈ బస్తాల మొఖం బయటనే ఉంది. వాన లేదు, మబ్బు లేదు" అంది రమ. "సైరన్ చాలు చేయుండ్రి. సుజితా, యార్డుల నడువు."

సుజిత ఉత్త తలతో నడిచింది. సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. తువ్వాల చుట్టుకొని నడిచింది, మోగింది. గొంగడి కప్పుకొని నడిచింది, మోగింది. నర్సింగం వంటగదిలోని బియ్యం బస్తా తెచ్చిచ్చాడు, దానికీ మోగింది. చివరికి దొంగలు కప్పుకున్నలాంటిదే, నీలిగీత ఉన్న తెల్ల యూరియా బస్తా నెత్తిన పెట్టుకొని నడిచింది.

ఏ చప్పుడూ లేదు. ఆఫీసు కిటికీలోంచి తెర కనిపిస్తోంది. అందులో తన చుట్టూ పచ్చ డబ్బా ఉంది, పక్కన 'సామాను' అని ఉంది. సుజిత చేతులు ఊపింది. గెంతింది. "నేను మనిషినే" అని గట్టిగా అరిచింది కూడా.

"పొరపాటున నేర్పితే అన్ని బస్తాలకూ మోసపోయేది" అంది రమ. "ఇది ఒక్క రకం బస్తాకే మోసపోయింది. కావాలనే నేర్పిండ్రు. ఆ ఫోటోలు ఎక్కడివో తెలిస్తే, చేసిందెవరో తెలుస్తది."

*

రఘుపతి సెంటర్ ఒక పాత ఇంట్లో ఉంది. ముందు గదిలో కంప్యూటర్ల ముందు అమ్మాయిలు; వెనక పెరడు, మధ్యాహ్నం టిఫిన్లు విప్పుకొనే చోటు. యాభై దాటిన రఘుపతి సుజితను చూడగానే మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"నా పిల్లలల్ల డిటెక్టివ్ అయిన పిల్ల ఇదొక్కతే మేడం" అని రమతో చెప్పి, ఇద్దరినీ పెరట్లో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. గనికార్మికుల ఇళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఫీజు అడగకుండా నేర్పినవాడు. సుజిత అన్న వద్దని పట్టుబడితే ఇంటికి వచ్చి నచ్చజెప్పినవాడు.

పెరటి ప్రహరీ తెల్లగా, సున్నం వాసన వేస్తూ ఉంది. సుజిత దాన్ని చూసి, "ఈ గోడకు పువ్వుల జాలీ ఉండేది గద సార్?" అంది.

"పాములొస్తున్నయని మూయించిన తల్లీ. ఆడపిల్లలు తిరిగే జాగ."

రమ చాయ్ తాగుతూ అడిగింది. "బస్తాల ఫోటోలు ఎక్కడి నుంచి వచ్చినయి సార్?"

"హైదరాబాద్ నుంచే. వానకాలం ఫోటోలని ఊరూరా తీయించి పంపిండ్రు. నేను వాటిని కండ్లతోటి గూడ చూడలే. వచ్చింది వచ్చినట్టు పిల్లలకు పంచుడే నా పని. ఇప్పుడు తప్పు మీద పడుతదని వాళ్లు మాట మారుస్తున్నరు. దీప బంగారమసోంటి పిల్ల. ఆమె కోసం కోర్టుకెక్కుమన్నా ఎక్కుత."

"ఆ ఫోటోలు జెర చూడొచ్చా?"

"మీ ఇష్టం, ఎంతసేపన్న చూసుకోండ్రి. నేను దవాఖానకు పోయి యిర్మియాను చూసొస్త." పళ్ల సంచి తీసుకొని బండి ఎక్కి వెళ్లిపోయాడు.

సుజిత ఫోన్ చేసి దవాఖాన నుంచి పిలిపించిన దీప, తన సీట్లో కూర్చొని ఆ కట్ట తెరిచింది. బస్తా కప్పుకొని నడుస్తున్నవాడు, వంగినవాడు, కూర్చున్నవాడు, మూట మోస్తున్నవాడు. మొహాలు తెలియకుండా వెనకనుంచో పక్కనుంచో తీసినవి. వెనకాలంతా మసక మసకగా ఉంది. సుజిత ఒక్కొక్క మనిషినీ పరీక్షగా చూసి తల అడ్డంగా ఊపింది.

"ఏం దొరకలే అక్కా."

"నువ్వు మనిషిని చూస్తున్నవు. దీపకు గూడ మనిషి చుట్టే గీత గీయమన్నరు. మనిషిని విడిచిపెట్టి మిగిలింది చూడు."

మిగిలింది ఏముంది? ఒక మూల తడి మట్టి. ఒక మూల గోడ. పువ్వు ఆకారంలో రంధ్రాలు. ఇంకో ఫోటోలోనూ అవే. ఇంకోదానిలో ఒక రంధ్రం విరిగిపోయి, అందులో సగం ఇటుక కుక్కి ఉంది. సుజిత చేయి మౌస్ మీద ఆగిపోయింది. పువ్వుల జాలీ ఊళ్లో చాలా గోడలకు ఉంటుంది కదా అనుకుంది.

రమ దీపను అడిగింది. "ఒక ఫోటో చూపెట్టి, ఇసోంటివి ఇంకేమున్నయో తియ్యి అంటే తీస్తదా ఇది?"

"తీస్తది అక్కా. మనం పేరు చెప్పకపోయినా పోలిక వడుతది. మేం మనిషి మీదనే గీస్తం గాని, అది ఫోటో మొత్తం చూస్తది."

"అయితే మనిషి వద్దు. ఆ గోడ ముక్క ఒక్కటి కోసి ఇయ్యి."

దీప గోడ ముక్కను చుట్టుగీసి ఇచ్చింది. తెర కాసేపు తెల్లగా ఉండి నిండడం మొదలుపెట్టింది. బస్తాల ఫోటోలు వరుసలు వరుసలుగా వచ్చాయి. అవన్నీ అయ్యాక, అడుగున, బస్తా లేని ఫోటో ఒకటి వచ్చింది. కొత్త అమ్మాయిలు ముందు తమ ఫోటోల మీదే గీతలు గీసి పని నేర్చుకుంటారు. అలా ఎప్పుడో ఆ కంప్యూటర్‌లో మిగిలిపోయిన ఫోటో అది.

సుజిత బ్యాచ్ చివరి రోజు తీసుకున్న ఫోటో. పువ్వుల జాలీ గోడ ముందు తొమ్మిది మంది అమ్మాయిలు నవ్వుతున్నారు. మధ్యలో రఘుపతి సార్. ఆయన భుజం వెనకాల విరిగిన పువ్వు, అందులో సగం ఇటుక. ఆ ఇటుకను అక్కడ కుక్కింది సుజితే. పిల్లి దూరి టిఫిన్లు ఎత్తుకుపోతోందని.

దీప నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సుజిత తెరమీద తన మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎంత నమ్మకంగా నవ్వుతోంది ఆ పిల్ల!

"సార్ ఈ ఫోటోలు చూడనే లేదన్నడు" అంది చివరికి. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

"గోడ మీద సున్నం ఇంకా ఆరలేదు" అంది రమ. మరొక్క మాట అనలేదు. సుజిత పక్కన కుర్చీ లాక్కొని, ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఊరికే కూర్చుంది.

*

గురువారం పొద్దున రమ అందరినీ సెంటర్ ముందు గదిలోకి పిలిచింది. వీరేందర్, నర్సింగం గోడవారగా నిలబడ్డారు. అమ్మాయిలు తమ సీట్లలో ఉన్నారు. సి.ఐ. భూపాల్ గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాడు. రఘుపతి దీప పక్కనే కూర్చొని, "భయపడకు తల్లీ, నేనున్న" అన్నాడు. దీప చలనం లేకుండా నేల చూస్తూ ఉంది.

"కంప్యూటర్ అబద్ధమాడలే" అని మొదలుపెట్టింది రమ. "దానికి చెప్పిందే అది చెప్పింది. బస్తా కప్పుకున్న మనిషి మనిషి కాదు, సామాను అని ఎవరో నేర్పిండ్రు. ఆ దొంగలకు ఆ సంగతి తెలుసు, అందుకే వాన లేని దినం కొప్పెరలు పెట్టుకున్నరు. నేర్పింది దీప చెయ్యే. నేర్పించింది ఎవరు? ఫోటోలు హైదరాబాదోళ్లు పంపిండ్రని సార్ అంటున్నరు, మేం పంపలేదని వాళ్లంటున్నరు. ఇద్దరిల ఒకరిది అబద్ధం."

"వాళ్లదే" అన్నాడు రఘుపతి.

"ఊరూరా తీసిన ఫోటోలన్నరు సార్. అన్నిట్ల ఒకటే గోడ ఎందుకుంది?"

ఆమె సైగ చేస్తే సుజిత లేచి తెర వెలిగించింది. ఒక పక్క బస్తా మనిషి, ఇంకోపక్క బ్యాచ్ ఫోటో. రెండింటిలోనూ విరిగిన పువ్వు, సగం ఇటుక. "ఆ ఇటుక నేనే పెట్టిన సార్. మీరే నవ్విండ్రు, మేస్త్రీ పని గూడ నేర్చుకున్నవా అని."

రఘుపతి ఒకసారి తెర వైపు, ఒకసారి పెరటి తలుపు వైపు చూశాడు.

"నా పెరట్ల ఎవరన్న తీసుకోవచ్చు..." అన్నాడు రఘుపతి.

"ఎవరన్న తీసుకుంటే మీరు గోడ ఎందుకు మూయించిండ్రు? ఇగ ఫోటోలల్ల బస్తా కప్పుకున్నోని ముంజేతి మీద కాలిన మచ్చ చూడుండ్రి. యార్డు వీడియోల యిర్మియా మీద బస్తా కప్పినోనికీ అదే మచ్చ. సి.ఐ. గారు ఆ మచ్చను ఒక్క చూపుల గుర్తువట్టిండ్రు."

భూపాల్ గొంతు సవరించుకున్నాడు. "పాత రాగి దొంగ. నిన్న మంచిర్యాలల పట్టుకున్నం. పెరట్ల ఫోటోలు దిగింది ఒప్పుకున్నడు. ఏ బస్తా కప్పుకోవాలెనో, ఎవడన్న పడిపోతే ఏం చెయ్యాలెనో సారే చెప్పిండన్నడు."

"ఇంకొకటి" అంది రమ. "ఆదివారం దొంగతనం జరిగితే మంగళారం పొద్దుగాలకే దీప లాగిన్ సంగతి మీకు ఎవరు చెప్పిండ్రు సి.ఐ. గారూ?"

భూపాల్ ఇబ్బందిగా రఘుపతి వైపు చూశాడు. "సోమారం మాపటికి ఈయనే వచ్చిండు. పిల్ల మంచిదే, కాని ఇంట్ల ఇబ్బందులున్నయి, తండ్రి కోసం చేసిందేమో చూడుండ్రి, నా పేరు చెప్పకుండ్రి అన్నడు."

దీప అప్పుడు తలెత్తింది. ఇన్ని రోజుల ఏడుపు తరువాత ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

రఘుపతి దీప పక్క నుంచి లేచి నిలబడ్డాడు. మాట్లాడినప్పుడు క్లాసులో పాఠం చెప్పే గొంతే వచ్చింది. "హైదరాబాదోళ్లు నాతోటి ఏమన్నరో మీకెవలికీ తెల్వది. మిషన్ నేర్చుకున్నది, ఇగ మీ సెంటర్‌తో పనిలేదు అన్నరు. ఇంతమంది పిల్లల కండ్లు అరగదీసి దానికి కన్నిస్తే, కన్నొచ్చినంక పొమ్మన్నరు. సరే, ఆ కంట్ల నాకొక్కనికే తెలిసిన సందొకటి పెడుదామనుకున్న. మొదట గంతే. తరువాత ఆ సందు అడిగేటోళ్లు దొరికిండ్రు. యిర్మియా ఉంటడని అనుకోలే. నర్సింగం ఉంటడనుకున్న."

"నేనైతే సంపొచ్చా సార్?" అన్నాడు నర్సింగం.

"నాకే ఎందుకిచ్చిండ్రు ఆ ఫోటోలు?" అడిగింది దీప. "ఇంతమందిమి ఉన్నం. నాయిన ఆడ వాచ్‌మన్ అని మీకు ఎరుకే. రేపు సంగతి బయటపడితే మా ఇద్దరి మీదికే పోతదని ఎరుకే. అందుకేనా సార్?"

"అందుకొక్కటే గాదు" అన్నాడు రఘుపతి, ఆమె వైపు చూడకుండా. "నువ్వు ఎదురడగవు తల్లీ. అందుకు."

"అడిగిన సార్. ఒక్కసారి అడిగిన. మీరు చెప్పిండ్రు, నమ్మిన."

భూపాల్ లేచి రఘుపతి భుజం మీద చేయి వేశాడు. గుమ్మం దాటుతూ ఆయన ఒకసారి ఆగి సుజిత కోసం చూశాడు. సుజిత తెర ఆర్పే పనిలో ఉన్నట్టు వీపు తిప్పుకుంది. బయట జీపు తలుపు పడిన చప్పుడయ్యాక ఒకమ్మాయి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. తరువాత ఒక్కొక్కరూ. వీరేందర్ దీప దగ్గరికి వచ్చి, చేతులు జోడించి వెళ్లిపోయాడు.

*

సాయంత్రం దవాఖానకు దీపతో పాటు సుజిత కూడా వెళ్లింది. రమ రానంది. "నేను వచ్చే జాగ కాదు అది. ఆ పిల్ల పక్కన నువ్వుండు, చాలు" అని ఆటో ఎక్కించింది.

యిర్మియా దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. మొహంలో కాస్త రంగు తిరిగింది. కూతుర్ని చూసి నవ్వబోతే కుట్లు లాగి ముఖం చిట్లించాడు.

"పోలీసుల ఫికర్ తీరింది నాయినా. నీ మీద, నా మీద ఏం లేదు" అంది దీప.

"దేవునికి స్తోత్రం." ఆయన కళ్లు మూసి తెరిచాడు. "సార్‌కు చెప్పినవా? పాపం మొన్న పండ్లు వట్టుకొని వచ్చి, నా చెయ్యి వట్టుకొని ఏడ్సిండు. నేను లేచి కూసున్ననంటే ఎంత సంబురపడుతడో. ఫోన్ జెయ్యి బిడ్డా, నేను మాట్లాడుత."

రాములమ్మ ఫోన్ కోసం దిండు కింద వెతుకుతోంది. దీప సుజిత వైపు చూసింది. నేను చెప్పనా అన్నట్టు సుజిత ఒక అడుగు ముందుకు వేసింది. దీప వద్దని తలూపి, మంచం అంచున కూర్చొని తండ్రి చేయి తీసుకుంది.

"సారే నాయినా" అంది. "చేయించింది సారే."

యిర్మియాకు వెంటనే అర్థం కాలేదు. నవ్వులాటేమో అని కూతురి మొహం చూశాడు, తరువాత సుజిత మొహం చూశాడు. రాములమ్మ చేయి దిండు కిందే ఉండిపోయింది.

"మొన్న ఆదివారం, డ్యూటీకి పొయ్యేముందు, చర్చిల ఆయన పేరు మీద ప్రార్థన జేయించిన" అన్నాడు. "నా బిడ్డకు తోవ చూపెట్టినోడు, సల్లగుండాలె అని."

దీప తల తండ్రి మోకాళ్ల మీద వాలిపోయింది. "ఆ ఫోటోలకు పేర్లు వెట్టింది నేనే గద నాయినా. నీ మీద బస్తా కప్పితే మనిషివి కాదన్నది, అది నేను నేర్పిందే."

ఆయన కట్టు కట్టిన తలను మెల్లగా ఆడించాడు. కూతురి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నిమురుతూ, "నేను దాన్ని నమ్మిన, నువ్వు వాన్ని నమ్మినవు" అన్నాడు. "లే, మొఖం కడుక్కో. మీ అమ్మ పొద్దటి సంది ఏం తినలే."